అన్నం మానేయమనొచ్చు.. మాత్ర ఆపేయమంటే?

2018 గుర్తుందా? కొబ్బరినూనె అంటే తలకు రాసుకునేదే అనుకునే మా కడప జిల్లాలో కూడా జనం దాన్ని గ్లాసులో పోసుకుని తాగిన రోజులవి. యూట్యూబ్, వాట్సాప్, టీవీ చర్చలు.. ఎక్కడ చూసినా వీరమాచనేని రామకృష్ణ డైటే. రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్లు, రెండు మల్టీవిటమిన్ మాత్రలు. అన్నం, చపాతీ, చక్కెర బంద్. నేనప్పుడు ఇంజినీరింగ్ చదువుతున్నా. హాస్టల్లో మాది మెస్ బిల్లు గొడవ, ఇంట్లో పెద్దవాళ్లది గానుగ నూనె గొడవ!

ఆయన వల్ల బాగుపడ్డామని చెప్పినవాళ్లున్నారు. ఇది ప్రమాదమని హెచ్చరించిన డాక్టర్లూ ఉన్నారు. ఎవరు గెలిచారో తేల్చడం నా ఉద్దేశం కాదు. ఆ అరుపుల మధ్య ఒక ప్రశ్న మాత్రం పక్కకు పోయింది. డైట్ మొదలుపెట్టాక షుగర్ మాత్రల సంగతి ఎవరు చూసుకోవాలి? ఏమన్నా అయితే ఎవరు జవాబు చెప్పాలి? ఇప్పుడు పేర్లు మారాయి. కీటో, కార్నివోర్ అంటున్నారు. వీడియోలు పోయి రీల్స్ వచ్చాయి. ప్రశ్న మాత్రం అక్కడే ఉంది.

కార్బ్స్ తగ్గించడం తప్పా?

కాదు. ఐసీఎంఆర్ దేశవ్యాప్తంగా చేసిన సర్వే ప్రకారం మనకు రోజువారీ శక్తిలో 62 శాతం కార్బోహైడ్రేట్ల నుంచే వస్తోంది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ధాన్యాల వాటా 45 శాతం దాటొద్దనే అంటున్నాయి. మా వైపు చాలామంది 'అన్నం మానేసి సంగటి తింటున్నాం, షుగర్‌కు మంచిది' అంటారు. సంగటిలో పీచు ఎక్కువ, నిజమే. కానీ 100 గ్రాముల బియ్యంలో సుమారు 78 గ్రాముల పిండిపదార్థం ఉంటే, రాగుల్లో 67 దాకా ఉంటుంది. ముద్ద సైజు తగ్గకపోతే పెద్దగా తేడా రాదు.

కీటో కూడా నిన్న మొన్న పుట్టింది కాదు. 1921లో అమెరికాలోని మేయో క్లినిక్ డాక్టర్ రసెల్ వైల్డర్ మూర్ఛ రోగుల కోసం దీన్ని ప్రతిపాదించి, ఆ పేరు పెట్టాడు. అంటే ఇది వైద్యంగానే మొదలైంది, డాక్టర్ల కనుసన్నల్లోనే నడిచింది. షుగర్ మీద కార్బ్స్ తగ్గించి పెద్ద ఎత్తున చేసిన ప్రయోగాల్లో ఒకటి అమెరికాలో వర్టా హెల్త్ సంస్థది. దాని ఏడాది ఫలితాలు 2018లో వచ్చాయి. చాలామందికి మందులు తగ్గాయి. అది కూడా ఆన్‌లైన్ వైద్యమే. కాకపోతే తెర అవతల డాక్టరున్నాడు. షుగర్ రీడింగులు చూస్తూ మాత్రల డోసు మార్చాడు. మన రీల్స్‌లో డైట్ వచ్చింది కానీ, ఆ డాక్టర్ రాలేదు.

మాత్రకు తెలియదు కదా, మీరు అన్నం మానేశారని!

మొన్న చైత్ర పున్నమికి రాములవారి కల్యాణం చూద్దామని బెంగళూరు నుంచి ఒంటిమిట్టకు పోయాను. ఇంట్లో పానకం ఇస్తే మా మామ గ్లాసు పక్కకు నెట్టేశాడు.

'ఏమబ్బీ, సోమారం నుంచి కీటో మొదులుపెడ్తాండా. కూడు మాన్తే షుగర్ మాత్ర గూడ మానుకోవచ్చంట గదా?'

'ముందు నీ మాత్రలు ఏవో చూపీ మామా' అన్నాను.

రెండు షీట్లు తెచ్చాడు. ఒకదాని మీద గ్లిమిపిరైడ్, రెండోదాని మీద డాపాగ్లిఫ్లోజిన్. ఈ రెండూ మన ఊళ్లలో బాగా వాడే మందులే. డాపాగ్లిఫ్లోజిన్ అయితే 2020లో పేటెంటు తీరిపోయి చౌకయ్యింది కాబట్టి ఇంకా పెరిగింది. డైట్ మొదలుపెట్టే ముందు ఇవి ఏం చేస్తాయో తెలియాలి.

గ్లిమిపిరైడ్ క్లోమాన్ని తట్టి ఇన్సులిన్ వదిలిస్తుంది. మీరు తిన్నారా లేదా అని అది చూడదు. రోజూ అన్నం తినే మనిషికి సరిపోయే డోసు, అన్నం మానేసిన మనిషికి ఎక్కువైపోతుంది. చెమటలు, వణుకు, తికమక, ఆ తర్వాత స్పృహ తప్పడం. ఇన్సులిన్ వేసుకునేవాళ్లకూ ఇదే ముప్పు. అలాగని టైప్-1 షుగర్ ఉన్నవాళ్లు ఇన్సులిన్ పూర్తిగా ఆపేస్తే కొద్ది రోజుల్లోనే ప్రాణం మీదికి వస్తుంది.

పేరు చివర 'గ్లిఫ్లోజిన్' అని ఉండే మాత్రల కథ వేరు. ఇవి చక్కెరను మూత్రంలో బయటికి పంపుతాయి. అప్పుడు ఒంట్లో ఇన్సులిన్ తగ్గి, కీటోన్లు పెరిగే వీలుంటుంది. దాని మీద కీటో డైట్ కూడా చేస్తే అగ్గి మీద నెయ్యి పోసినట్టే. రక్తం ఆమ్లంగా మారుతుంది. దీన్ని కీటోఅసిడోసిస్ అంటారు. 2015లోనే అమెరికా ఎఫ్‌డీఏ ఈ మందుల విషయంలో దీని గురించి హెచ్చరించింది. ఇందులో మోసం ఏంటంటే, ఇంట్లో గ్లూకోమీటర్ పెట్టి చూస్తే షుగర్ మామూలుగానే కనిపించొచ్చు. 'చూడు, డైట్ పనిచేస్తోంది' అని సంబరపడతాం. లోపల జరిగేది వేరు.

లక్షణాలు? వాంతులు, కడుపునొప్పి, ఆయాసం, విపరీతమైన నీరసం. మా కడప ఎండల్లో ఎవరికన్నా ఇలా అయితే ఏమంటారు? వడదెబ్బ అంటారు. మజ్జిగ తాగించి పడుకోబెడతారు. ఎంత సమయం పోతుందో ఊహించుకోండి. దీనికి తోడు కీటో మొదటి వారాల్లో ఒంట్లోంచి నీళ్లు, ఉప్పు బయటికి పోతాయి. బీపీ మాత్రలు పాత డోసులోనే వేసుకుంటూ ఎండలో తిరిగితే కళ్లు తిరిగి పడిపోవచ్చు. కిడ్నీలో రాళ్లు, కొందరిలో చెడు కొలెస్ట్రాల్ బాగా పెరగడం లాంటివి ఆ తర్వాత సంగతి.

మామ డైట్ మానలేదు, వాయిదా వేశాడు. డాక్టర్ దగ్గరికి పోతే ఆయన గ్లిఫ్లోజిన్ ఆపించి, రెండో మాత్ర సగం చేసి, 'ముందు ముద్ద సగం చెయ్, కీటో తర్వాత చూద్దాం' అన్నాడు.

చట్టం ఎవరిని పట్టుకుంటుంది?

సాఫ్ట్‌వేర్‌లో సర్వర్ కూలిపోతే మేం మొదట అడిగేది 'ఈ మార్పు ఎవరు చేశారు, ఎవరు ఆమోదించారు?' అని. ఆరోగ్యంలో ఆ రికార్డు ఎవరి దగ్గరుంది? నేను చదివి అర్థం చేసుకున్నంతలో చట్టం ఇదీ.

రిజిస్టర్ కాకుండా వైద్యం చేస్తే జాతీయ వైద్య కమిషన్ చట్టం 2019, సెక్షన్ 34 కింద ఏడాది దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా, లేదా రెండూ.

షుగర్, ఊబకాయం నయం చేస్తామని మందుల ప్రకటనలివ్వడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం నేరం. కానీ ఆ చట్టం రాసింది మందులను, మంత్రతంత్రాలను దృష్టిలో పెట్టుకుని. 'నేను మందు అమ్మట్లేదు, తిండి గురించి చెప్తున్నా' అనేవాళ్లకు అక్కడ సందు దొరుకుతుంది.

నిర్లక్ష్యంతో ప్రాణం పోతే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 106 కింద ఐదేళ్ల దాకా శిక్ష. రిజిస్టరైన డాక్టర్ చికిత్స చేస్తుండగా జరిగితే రెండేళ్ల దాకా. డిగ్రీ లేనివాడికి ఆ మినహాయింపు లేదు. 1996లో పూనమ్ వర్మ కేసులో సుప్రీంకోర్టు హోమియో చదివి అల్లోపతి మందులిచ్చిన డాక్టర్‌నే తప్పుపట్టింది. తనకు అర్హత లేని వైద్యం చేయడమే నిర్లక్ష్యం అంది.

వినియోగదారుల రక్షణ చట్టం 2019 కింద తప్పుదోవ పట్టించే ప్రకటనకు 10 లక్షల దాకా జరిమానా వేయొచ్చు, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా. అయితే ఇక్కడో మెలిక ఉంది. ఉచితంగా ఇచ్చిన సేవ ఆ చట్టం దృష్టిలో 'సేవ' కాదు. ఫ్రీ వీడియో చూసి నష్టపోతే పరిహారం అడగడం కష్టం. డబ్బు కట్టి కోచింగ్ తీసుకుంటే లెక్క వేరు.

అందరికీ చెప్పడం వేరు, ఒకరికి చెప్పడం వేరు

అమెరికాలో జోడీ గోరన్ అనే వ్యాపారి అట్కిన్స్ డైట్ వల్ల తన గుండె రక్తనాళం పూడుకుపోయిందని 2004లో కేసు వేశాడు. 2006లో కోర్టు కొట్టేసింది. పుస్తకంలో, వెబ్‌సైట్‌లో చెప్పిన సలహాకు వాక్ స్వాతంత్ర్యం ఉందని తేల్చింది. దక్షిణాఫ్రికాలో ప్రొఫెసర్ టిమ్ నోక్స్ 2014లో ఒక తల్లికి ట్విటర్‌లో పసిబిడ్డ తిండి గురించి జవాబిచ్చినందుకు అక్కడి వైద్య మండలి విచారణకు లాగింది. మూడేళ్ల తర్వాత 2017లో నిర్దోషిగా బయటపడ్డాడు. డాక్టర్-పేషెంట్ సంబంధం ఉందని రుజువు కాలేదు.

అంటే లోకానికి చెప్పిన మాటను కోర్టులు త్వరగా శిక్షించవు. శిక్షించకూడదు కూడా. 2023 ఆగస్టులో మన కేంద్ర ప్రభుత్వం ఇన్‌ఫ్లుయెన్సర్లకు ఇచ్చిన మార్గదర్శకాల్లోనూ ఇదే తేడా కనిపిస్తుంది. 'నీళ్లు తాగండి, నడవండి' అంటే పర్వాలేదు. ఫలానా జబ్బుకు నిపుణుడిలా చెప్తే మాత్రం అర్హత ఏంటో చూపించాలి, లేదా ఇది వైద్య సలహాకు బదులు కాదని స్పష్టంగా చెప్పాలి.

నా దృష్టిలో గీత ఇక్కడుంది. 'కార్బ్స్ తగ్గించండి' అనేది అభిప్రాయం. వాట్సాప్ గ్రూపులో మీ వయసు, రిపోర్టు, మాత్రల పేర్లు అడిగి 'రేపటి నుంచి ఇది ఆపేయండి' అంటే అది వైద్యం. 'నేను డాక్టర్‌ని కాదు' అని వీడియో కింద చిన్న అక్షరాల్లో రాసుకున్నంత మాత్రాన ఆ పని పేరు మారదు.

మొదలుపెట్టే ముందు నాలుగు పనులు

మాత్రల షీట్లు ఫోటో తీసి డాక్టర్‌కు చూపించండి. గ్లిఫ్లోజిన్, గ్లిమిపిరైడ్, ఇన్సులిన్, బీపీ మాత్ర.. ఇందులో ఏదున్నా ఆయన డోసు మార్చేదాకా డైట్ మొదలుపెట్టొద్దు. గర్భిణులు, కిడ్నీ జబ్బున్నవాళ్లు అసలు సొంతంగా చేయొద్దు.

సలహా ఇచ్చే మనిషి డాక్టర్ అంటే జాతీయ వైద్య కమిషన్ వెబ్‌సైట్‌లో పేరు వెతకండి. రెండు నిమిషాల పని.

డబ్బు కడితే రసీదు, చాట్ స్క్రీన్‌షాట్లు దాచుకోండి. తేడా వస్తే 1915కు ఫోన్ చేయొచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌కు పోవచ్చు.

డైట్‌లో ఉన్న మనిషికి వాంతులు, ఆయాసం మొదలైతే షుగర్ రీడింగ్ చూసి ఊరుకోకండి. 108కి ఫోన్ చేయండి. ఆసుపత్రిలో 'కీటో చేస్తున్నారు, ఫలానా మాత్ర వాడుతున్నారు' అని ముందే చెప్పండి. డాక్టర్ కీటోన్ల పరీక్ష చేయించాలా వద్దా అనేది ఆ ఒక్క మాట మీదే ఆధారపడి ఉండొచ్చు.