మాదపోలము బట్ట

తణుకునుండి దక్షిణముగా ముప్పది మైళ్లు పోకమునుపే వసిష్ఠ గోదావరి యొడ్డున నరసాపురము వచ్చును. దాని చేరువ మాధవాయపాలెమను పల్లె కలదు. సఖినేటిపల్లికి పంటుమీద దాటువారికి తప్ప నేడా పేరు ఎక్కువమంది ఎరుగరు. కాని ఒకప్పుడు ఐరోపా బట్టల అంగళ్లలో ఆ పేరే చెల్లుబడియైనది. మెత్తని నూలుబట్ట కొకదానికి ‘మాదపోలము’ అని పేరు. ఆంగ్ల నిఘంటువులలో నేటికిని అది నిలిచియున్నది. దీని వెనుకనున్న కథను మన రైతులును, వర్తకులును తెలిసికొనవలెనని మా యభిప్రాయము.

సముద్రవ్యాపారము మనకు పరదేశులు నేర్పిన విద్య కాదు. గాలివానచే ఒడ్డున బడిన ఓడల సరకును రాజులు హరించు దురాచారమును మాన్పి, న్యాయమైన సుంకము మాత్రమే గ్రహింతునని గణపతిదేవ చక్రవర్తి 1244లో మోటుపల్లి రేవున అభయశాసనము వేయించెను. 17వ శతాబ్ది ఆరంభమున డచ్చివారును, 1611లో ఆంగ్లేయులును మచిలీపట్టణమునకు వచ్చిరి. లవంగము, జాజికాయ పండు తూర్పుదీవులలో తెనుగుసాలెల బట్టలకు గిరాకి మెండు. ఆ బట్టలు లేనిదే సుగంధద్రవ్యముల బేరము సాగకుండెను. అందుచేతనే డచ్చివారు పాలకొల్లునను, ఆంగ్లేయులు మాధవాయపాలెమునను గిడ్డంగులు కట్టిరి.

బట్టలే కాదు, వానిని మోయు ఓడలును ఇచటనే పుట్టెడివి. ఆ శతాబ్దిలో బంగాళాఖాతమున తిరిగిన థామస్ బౌరీయను ఆంగ్లనావికుడు నరసాపురపు కలపను, ఇనుమును, వడ్రంగుల నేర్పును మెచ్చుకొని, పరదేశివర్తకులు తమ ఓడల నచట కట్టించుకొనుచుండిరని వ్రాసియుంచెను.

ఇంతటి నేర్పుగలవారు వెనుకబడుటకు కారణమేమి? సముద్రమును కొలిచి వ్రాసికొన్నవారు వేఱొకరగుటయే యొక ముఖ్యకారణమని మేము తలంచెదము. సూర్యనక్షత్రములనుబట్టి అక్షాంశము తెలియుచుండెను గాని, నడిసంద్రమున రేఖాంశము తెలియుట దుర్ఘటముగా నుండెను. 1761లో హారిసన్ గడియారమును ఓడపై పరీక్షించిన పిమ్మట ఆ చిక్కు విడనారంభించెను. అటుపిమ్మట కుంపిణీ కొలువులోని మైకేల్ టాపింగ్ కోరంగి తీరమును కొలిచి పటములు వ్రాసి, 1796లో మచిలీపట్టణముననే మరణించెను.

1789 డిసెంబరులో కోరంగిపై ఉప్పెన విరుచుకుపడి వేలకొలది జనమును పొట్టనబెట్టుకొనెను. 1839లో మరల అట్టి విపత్తే సంభవించెను. కలకత్తాయందలి హెన్రీ పిడింగ్టన్ ఇట్టి తుపానుల వృత్తాంతములను కూర్చి, వానికి ‘సైక్లోన్’ అను పేరు పెట్టి, 1848లో నావికులకొక గ్రంథము ప్రకటించెను. మన ఉత్తరార్ధగోళమున గాలి కెదురుగా నిలిచినవానికి తుపాను నడిబొడ్డు కుడివైపున నుండునను సూత్రమును ఎఱిగిన నావికుడు ఓడను తప్పించుకొనగలడు. మునిగినది మన ఊరు. గ్రంథము చేరినది కుంపిణీ ఓడలకు.

పిదప ఇంగ్లండు మరమగ్గములు ఆ బట్టనే నేసి, ఆ పేరుతోనే అమ్మినవి. పేరు మనది, లాభము వారిది. కోరంగి రేవు ఒండ్రుతో పూడిపోయెను. దొరలను దూషించినంతమాత్రమున ఈ లెక్క తీరదు. మన వడ్రంగుల కొలతలును, సరంగుల దారులును నోటివిద్యగనే నిలిచి, తగినట్లు గ్రంథస్థము కాకపోవుట మన లోపము.

ఆ లోపమును దిద్దుకొను తరుణము మరల వచ్చినది. 2024లో నరసాపురపు లేసునకు భౌగోళిక గుర్తింపు లభించినది. ఇతరులు ఆ పేరు వాడరాదని నేడు చట్టమే చెప్పుచున్నది. మాదపోలమునకు దక్కని రక్షణ ఇది. అయినను కాగితముపై పేరు నిలిచినంతనే లేసు అల్లు స్త్రీల కూలి పెరుగదు. డెల్టా రొయ్యయు సముద్రము దాటిపోవుచున్నది. దాని తూకమును, నాణ్యమును, ధరను కొనువాడే వ్రాసికొనుచుండగా అమ్మువాడు చూచుచుండుట తగునా? సరకు పండించుటతోపాటు దాని లెక్కయు మనచేతనే యుండవలెను. లేనిచో మాదపోలమువలె పేరు నిఘంటువున మిగులును, ఫలము పరులపాలగును.