ఘాట్‌కు సరిపడా వెలుగు

భిలాయి ఉక్కు కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ 1959లో వెలిగింది. అక్కడి పనుల కోసం ఉత్తరాంధ్ర నుంచి తరలివచ్చిన కుటుంబాలు ఎన్నో ఖుర్సీపార్‌లో స్థిరపడ్డాయి. వారి పిల్లలు ఇప్పుడు సొంతూరికి బైక్ మీద బయలుదేరి, కోరాపుట్ మీదుగా వెళితే సాలూరు ఘాట్ దాటాలి. అసలు చిక్కు అక్కడే.

60 కి.మీ. వేగంలో బైక్ సెకనుకు దాదాపు 17 మీటర్లు దూసుకుపోతుంది. అడ్డొచ్చిన పశువును చూసి, బ్రేకు వేసి, ఆగేసరికి సుమారు 50 మీటర్లు. హెడ్‌లైట్ తిన్నగానే చూస్తుంది, మలుపు లోపల ఏముందో చూపదు.

అందుకే అదనపు ఎల్ఈడీ దీపాలు. అయితే చూడాల్సింది వాట్లను కాదు, కాంతి పరుచుకునే తీరును. తిన్నని హైవేకు దూరం కొట్టే స్పాట్ లైట్లు, ఘాట్‌కు వెడల్పుగా పరుచుకునే ఫ్లడ్ లైట్లు నయం. మంచులో చాలామంది పసుపు ఛాయనే కోరుకుంటారు.

తర్వాతి లెక్క బ్యాటరీది. 20 వాట్ల దీపాలు రెండు పెడితే 12 వోల్టుల బ్యాటరీ నుంచి మూడు ఆంపియర్లకు పైగా లాగుతాయి. బండి తయారుచేసే కరెంటులో అంత మిగులు లేకపోతే బ్యాటరీ దిగిపోతుంది. రిలే, ఫ్యూజు, విడి స్విచ్చి తప్పనిసరి. హెడ్‌లైట్ వైరుకే అతికిస్తే వైరింగ్ కాలే ప్రమాదముంది.

చివరిది ఎదుటివారి చూపు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 106వ రూలు ప్రకారం ముందు దీపం 8 మీటర్ల దూరంలోని మనిషి కళ్లను మిరుమిట్లు గొలపకూడదు. ఇరుకు మలుపులో లారీ డ్రైవరు కళ్లు బైర్లు కమ్మితే ముందుగా నష్టపోయేది బైక్ మీదున్నవాడే.