చేపలుండగానే కొత్త అక్వేరియం కుదుటపడాలంటే?

ప్రశ్న: అక్వేరియం, చేపలు ఒకే రోజు కొన్నాం. నీళ్లు తేటగా ఉన్నాయి, ఫిల్టరు నడుస్తోంది. అయినా వారం తిరక్కుండానే చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయి. ఒకటి చనిపోయింది కూడా. ఎందుకిలా? మిగతావాటిని బతికించుకోవడం ఎలా?

జవాబు: మీ చేపకు జబ్బేమీ చేసి ఉండకపోవచ్చు. కొత్త తొట్టెల్లో ఇలా జరిగితే చాలావరకు తేడా నీళ్లలోనే ఉంటుంది, అదీ కంటికి కనిపించని తేడా. తిన్న మేతలోని ప్రొటీను ఒంటబట్టగా మిగిలిన నత్రజనిని చేప ముఖ్యంగా మొప్పల ద్వారా అమ్మోనియా రూపంలో వదిలేస్తుంది. చెరువులోనో కాలువలోనో అయితే అది అంత నీటిలో కలిసి పల్చబడిపోతుంది. పైగా అడుగు మట్టిలో, రాళ్ల మీద ఉన్న బ్యాక్టీరియా దాన్ని వాడేసుకుంటుంది. కొత్త గాజు తొట్టెలో నీళ్లు కొద్ది, ఆ బ్యాక్టీరియా దాదాపు లేనట్టే. తన ఒంట్లోంచి పంపేసిన విషంలోనే చేప రాత్రింబవళ్లు ఈదుతూ ఉంటుంది.

ఎంత విషం అనేది చిన్న లెక్కతో తెలుస్తుంది. అక్వేరియం మేతల్లో సుమారు 40 శాతం ప్రొటీను ఉంటుంది, ప్రొటీనులో 16 శాతం నత్రజని. అంటే ఒక గ్రాము మేత వేస్తే 64 మిల్లీగ్రాముల నత్రజని తొట్టెలో పడినట్టు. అందులో సగమే అమ్మోనియాగా బయటికొచ్చిందనుకున్నా, 50 లీటర్ల నీళ్లలో లీటరుకు 0.6 మిల్లీగ్రాములు పెరుగుతుంది. ఒక్క గ్రాముకే ఇంత. పిల్లలు ముచ్చటపడి పొద్దున ఓసారి, స్కూలు నుంచి రాగానే ఓసారి, పడుకోబోయే ముందు ఓసారి చిటికెడు చిటికెడు వేస్తుంటే రోజుకు గ్రాము దాటడం ఎంతసేపు? గోల్డ్‌ఫిష్ అయితే తిండీ ఎక్కువే, వదిలేదీ ఎక్కువే. గుండ్రటి చిన్న గాజు గిన్నెల్లో పెట్టి అమ్మేది ఆ చేపనే కావడం చూసినప్పుడల్లా బాధేస్తుంది.

అందుకే మొదటి నెలంతా మేత రోజుకొక్కసారే, నిమిషంలో తినేసేంతే. రోజు విడిచి రోజు వేసినా ఎదిగిన చేపలకు నష్టం లేదు. వాటి ఒంటికి మనలా వేడి కాపాడుకునే ఖర్చు లేదు కనుక కొద్ది తిండితో గడిచిపోతుంది. మిగిలిన పలుకులు అడుగున కుళ్లితే అదీ అమ్మోనియానే.

ఈ అమ్మోనియాను ఎవరు తీసేస్తారు?

ఒక రకం బ్యాక్టీరియా అమ్మోనియాను నైట్రైటుగా మారుస్తుంది. ఇంకో రకం ఆ నైట్రైటును నైట్రేటుగా మారుస్తుంది. నైట్రైటు కూడా విషమే. నైట్రేటు మాత్రం లీటరుకు 20 నుంచి 40 మిల్లీగ్రాములున్నా మామూలు చేపలు తట్టుకుంటాయి. ఈ వరస మొత్తం నిలదొక్కుకోవడాన్నే అక్వేరియం పెంచేవాళ్లు ‘ట్యాంకు సైకిల్ అవడం’ అంటారు. అన్నాన్ని పాచిపోయేలా చేసే బ్యాక్టీరియా అరగంటలోపే రెట్టింపు కాగలదు. ఇవి అలా కావు, అన్నీ అనుకూలించినా రెట్టింపవడానికి గంటలకు గంటలు, ఒక్కోసారి రోజుకు పైగా తీసుకుంటాయి. అమ్మోనియా దిగిరావడానికే రెండు మూడు వారాలు, ఆ తర్వాత నైట్రైటు దిగడానికి ఇంకో రెండు మూడు వారాలు. మొత్తమ్మీద నెల, నెలన్నర.

అవి ఎక్కడ ఉంటాయో తెలిస్తే సగం పని అయినట్టే. నీళ్లలో తేలుతూ ఉండవు. ఫిల్టరు స్పాంజి, గులకరాళ్లు, గాజు, మొక్కల ఆకులు, దేన్నైనా పట్టుకుని పల్చటి జిగురు పొరగా బతుకుతాయి. బాగా నడుస్తున్న ట్యాంకులోని స్పాంజిని వేళ్ల మధ్య నొక్కి చూడండి. గోధుమరంగు జారుడు తగులుతుంది, కుళ్లు కంపు ఉండదు, తడిమట్టి వాసన వస్తుంది. ఆ జారుడే చేపల ప్రాణం. కానీ ఇళ్లలో జరిగేది వేరు. నీళ్లు మారిస్తే మంచి బ్యాక్టీరియా పోతుందని ఎవరో చెబితే నీళ్లు అలాగే ఉంచేస్తారు. స్పాంజి మురిగ్గా కనబడగానే కుళాయి కింద పెట్టి తెల్లగా అయ్యేదాకా పిండుతారు. సరిగ్గా దీనికి తిరగేసి చేయాలి. నీళ్లు ధైర్యంగా మార్చండి, స్పాంజి జోలికి వెళ్లకండి. నీళ్లతో పాటు పోయే బ్యాక్టీరియా లెక్కలోకి రాదు. అమ్మోనియా పల్చబడితే వాటికి తిండి కరవవుతుందన్న బెంగా వద్దు, చేప ఆగకుండా వదులుతూనే ఉంటుంది.

తెలిసినవాళ్లలో ఎవరికైనా పాత అక్వేరియం ఉంటే, మీ చేపల్ని నెలపాటు అందులో ఉంచగలరేమో అడగండి. అన్నిటికన్నా మంచి దారి అదే. అది కుదరకపోతే ఆ ట్యాంకు ఫిల్టరులోని స్పాంజి ముక్కైనా అడగండి. పాలకు తోడు వేసినట్టు, ఆ ముక్క మీ ఫిల్టరులో చేరితే నెల పని వారం పది రోజుల్లో తెమలొచ్చు. తెచ్చేటప్పుడు ఆ ట్యాంకు నీళ్లలోనే మునిగేలా కవరులో పెట్టి, ఎండ తగలకుండా తీసుకురండి. ఆరిపోతే వృథా. ఆ ట్యాంకులో చేపలకు జబ్బులేవీ లేవని చూసుకున్నాకే తీసుకోండి.

ఇక రోజూ చేయాల్సింది

ముందు కొలవాలి. కంటిచూపుతో ఈ పని జరగదు, ఎందుకంటే అమ్మోనియా కలిసిన నీళ్లు కూడా తేటగానే ఉంటాయి. చుక్కల మందుతో పరీక్షించే కిట్లు అక్వేరియం షాపుల్లో దొరుకుతాయి. అమ్మోనియాది, నైట్రైటుది తప్పనిసరిగా కొనండి, పీహెచ్‌ది కూడా ఉంటే మేలు. చిన్న గాజు గొట్టంలో గీత దాకా ట్యాంకు నీళ్లు పోసి, చెప్పినన్ని చుక్కలు వేసి, మూతపెట్టి ఊపి, కాసేపు ఆగాలి. ఎక్కువ వాడుకలో ఉన్న అమ్మోనియా కిట్లలో లేత పసుపు ఉంటే ఏమీ లేనట్టు. పసుపులో ఆకుపచ్చ ఛాయ కనబడితే మొదలైనట్టు, పచ్చదనం చిక్కబడితే ప్రమాదం. ట్యూబులైటు కింద ఆ ఛాయ తేడా సరిగ్గా పట్టుకోలేం. పగటి వెలుతురులో, తెల్ల అట్టకు ఆనించి చూడండి.

మొదటి నెల రోజూ ఒకే వేళకు ఈ పరీక్ష చేయండి. అమ్మోనియా, నైట్రైటు రెండూ కలిపి లీటరుకు 0.5 మిల్లీగ్రాములు దాటకుండా చూడాలి, 0.25 లోపు ఉంటే ఇంకా మంచిది. దాటితే ఆ రోజే సగం నీళ్లు మార్చాలి. సగం మారిస్తే విషం సగమవుతుంది, అంతే. 1 ఉన్నచోట 0.5 అవుతుంది, మళ్లీ సగం మారిస్తే 0.25. కనుక ఎక్కువగా ఉన్నప్పుడు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి మార్చడంలో తప్పు లేదు. చేపల్ని బయటికి తీయక్కర్లేదు, అడుగు నుంచి గొట్టంతో నీళ్లు లాగేసి, కొత్త నీళ్లు అంతే వెచ్చదనంలో నెమ్మదిగా పోస్తే చాలు.

ఆ కొత్త నీళ్లు మున్సిపల్ కుళాయివైతే వాటిలో క్లోరిన్ ఉంటుంది. మన తాగునీటిలో సూక్ష్మజీవుల్ని చంపడానికి వేసేదే అది, మొప్పల్నీ కాలుస్తుంది, మీరు పెంచుతున్న బ్యాక్టీరియానూ చంపుతుంది. యాంటీ క్లోరిన్ చుక్కలు బకెట్లోనే కలిపి పోయండి. ఒకరోజు వెడల్పాటి తొట్టెలో నిలవ ఉంచినా మామూలు క్లోరిన్ ఎగిరిపోతుంది, నీళ్లలో వేసింది క్లోరమిన్ అయితే పోదు. బోరు నీళ్లలో ఈ బాధ లేదు గానీ గాలి తక్కువ ఉంటుంది. కొన్ని గంటలు ఎయిర్ పంపు పెట్టాకే వాడండి.

బోరు నీళ్లతో ఇంకో సంగతి, వాటి పీహెచ్. కిట్టు చూపించే అమ్మోనియా అంతా ఒకే రకం కాదు. చేపకు గట్టిగా హాని చేసే రూపం ఒకటి, పెద్దగా చేయని రూపం ఇంకొకటి. ఏది ఎంత అనేది పీహెచ్ మీద, వేడి మీద ఆధారపడుతుంది. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉంటే హానికరమైన రూపం నూటికి ఒకటి కూడా ఉండదు. పీహెచ్ 8 అయితే నూటికి అయిదు దాటుతుంది. కిట్టులో అదే 0.5 కనిపిస్తున్నా విషం దాదాపు పదింతలన్నమాట. చేపల పెంపకంలో హానికరమైన అమ్మోనియాకు పెట్టుకునే హద్దు లీటరుకు 0.02 మిల్లీగ్రాముల చుట్టుపక్కల. పీహెచ్ 8 నీళ్లలో 0.5 చూపిస్తే ఆ హద్దు దాటేసినట్టే. భీమవరం, కైకలూరు వైపు చెరువుల రైతులకు ఇది కొత్త కాదు. నీటిలోని పాచి ఎండకు కార్బన్ డయాక్సైడును పీల్చేసుకోవడంతో మధ్యాహ్నానికి పీహెచ్ పెరుగుతుంది, పొద్దున ప్రమాదం లేని అమ్మోనియానే అప్పుడు ప్రమాదమవుతుంది. అక్కడ ఎకరాల చెరువులో జరిగేదే ఇక్కడ మీ హాల్లో 50 లీటర్లలో జరుగుతోంది.

అలాగని వంటింటి ఆర్‌వో నీళ్లు పట్టి పోయకండి. అమ్మోనియాను మార్చే క్రమంలో బ్యాక్టీరియా నీటిలోని క్షారగుణాన్ని ఖర్చు చేస్తుంది. ఆర్‌వో నీళ్లలో అది దాదాపు ఉండదు. కొద్ది వారాల్లో పీహెచ్ 6 కిందికి జారిపోతే బ్యాక్టీరియా పని మందగిస్తుంది.

నైట్రైటు పెరిగితే?

రెండో మూడో వారంలో అమ్మోనియా దిగుతుంటే హమ్మయ్య అనుకుంటాం. అసలు జాగ్రత్త అప్పుడే కావాలి. నైట్రైటు మొప్పల గుండా రక్తంలోకి దూరి, ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌ను పనికిరాకుండా చేస్తుంది. నీళ్లలో గాలి బోలెడున్నా చేప ఊపిరాడక పైకి వస్తుంది. ఎర్రగా ఉండాల్సిన మొప్పలు గోధుమ రంగుకు తిరుగుతాయి. అమెరికాలో క్యాట్‌ఫిష్ చెరువుల వాళ్లు దీన్ని గోధుమ రక్తం జబ్బు అంటారు, దానికి వాళ్లు వాడే మందు ఉప్పు. మొప్పల్లో క్లోరైడు లోపలికి వెళ్లే దారిలోనే నైట్రైటూ వెళుతుంది. క్లోరైడు ఎక్కువుంటే నైట్రైటుకు ఆ దారి దొరకదు. గుప్పెళ్లకొద్దీ పోయక్కర్లేదు, 50 లీటర్లకు ఒక చెంచా కల్లుప్పు, అంటే అయిదారు గ్రాములు, నీళ్లలో కరిగించి పోస్తే లీటరుకు 60 మిల్లీగ్రాములకు పైగా క్లోరైడు చేరుతుంది. మీరు ఎలాగూ నీళ్లు మారుస్తూ నైట్రైటును 0.5 లోపు ఉంచుతారు కనుక అది చాలినంత. ఉప్పు ఆవిరైపోదు, సగం నీళ్లు మార్చినప్పుడు అర చెంచానే మళ్లీ కలపాలి. ఉప్పు ఉంది కదా అని నీళ్లు మార్చడం ఆపితే మాత్రం లాభం లేదు.

ఈలోగా నీళ్లు పాలలా తెల్లబడొచ్చు. మొదటి వారాల్లో వేరే రకం బ్యాక్టీరియా మిగులు మేత మీద ఒక్కసారిగా పెరిగితే అలా అవుతుంది, నాలుగైదు రోజుల్లో దానంతటదే తగ్గుతుంది. అది చూసి తొట్టె ఖాళీ చేసి, రాళ్లు కడిగి మళ్లీ మొదలుపెడితే నెల లెక్క కూడా మళ్లీ ఒకటో తారీఖు నుంచే. చేప డల్‌గా ఉందని షాపులో ఇచ్చే నీలం మందు వేయడమూ ఇంతే. మిథిలిన్ బ్లూ, యాంటీబయాటిక్‌లు మీకు కావలసిన బ్యాక్టీరియాను కూడా దెబ్బతీస్తాయి. పరీక్ష చేయకుండా ఏ మందూ వేయొద్దు.

సీసాల్లో అమ్మే బ్యాక్టీరియా సంగతి. కొన్ని పనిచేస్తాయి, కొన్ని చేయవు. చాలాకాలం నైట్రైటును మార్చేది నైట్రోబాక్టర్ అనుకున్నారు, మంచినీటి అక్వేరియాల్లో ఆ పని చేస్తున్నది నైట్రోస్పైరా అని 1998లో వచ్చిన పరిశోధన చూపించింది. సరైన జీవే సీసాలో ఉన్నా, మే నెల ఎండలో లారీల్లో, గోడౌన్లలో మగ్గితే ఎంత బతికి ఉంటుందో చెప్పలేం. కొంటే కొనండి, కానీ అది పోశాక కూడా కొలవడం మానకండి.

ఫిల్టరు రాత్రిళ్లు ఆపేయకండి. ఈ బ్యాక్టీరియాకు ఆక్సిజన్ బాగా కావాలి, చేపకూ కావాలి. వేసవిలో నీళ్లు వేడెక్కే కొద్దీ వాటిలో ఆక్సిజన్ తగ్గుతుంది కనుక కరెంటు పోయే ఊళ్లలో బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపు ఇంట్లో ఉండాలి. మనీప్లాంటు కొమ్మ వేళ్లు మాత్రం నీళ్లలో మునిగేలా పెడితే అమ్మోనియాను కొంత అదీ పీల్చుకుంటుంది, నాచు మొక్కలు ఇంకాస్త.

నీళ్లు మార్చకుండానే వరసగా ఒక వారం అమ్మోనియా సున్నా, నైట్రైటు సున్నా చూపిస్తూ నైట్రేటు పెరుగుతుంటే ట్యాంకు కుదుటపడినట్టు. బోరు నీళ్లలో ముందే నైట్రేటు ఉండొచ్చు, కనుక పోసే నీళ్లనూ ఓసారి పరీక్షించి ఉంచుకోండి. అప్పటి నుంచి వారానికి పాతిక శాతం నీళ్లు మారిస్తే సరిపోతుంది. స్పాంజి మూసుకుపోయి గాలి బుడగలు సన్నబడితే, మార్చేటప్పుడు తీసిన ట్యాంకు నీళ్లలోనే రెండుసార్లు నొక్కి వదలండి. కొత్త చేపలు తేవాలనిపిస్తే రెండేసి చొప్పున తెచ్చి, ఒక్కో విడతకు మధ్య రెండు వారాలు ఆగి, ఆ రోజుల్లో మళ్లీ పరీక్ష చేస్తూ ఉండండి. ఉన్న చేపలకు సరిపడా పెరిగిన బ్యాక్టీరియా కొత్తవాటి భారాన్ని కూడా అందుకోవడానికి ఆ మాత్రం సమయం పడుతుంది.