ఆస్ట్రేలియాకు రాష్ట్ర ప్రభుత్వాలు అవసరమా?

ఆస్ట్రేలియా జనాభా సుమారు 2.7 కోట్లు. మన రెండు తెలుగు రాష్ట్రాల జనాభాలో దాదాపు మూడో వంతు. జాతీయ పార్లమెంటులో దిగువ సభకు 150 మంది, సెనేట్‌కు 76 మంది. ఆరు రాష్ట్రాల చట్టసభల్లో 571, రెండు టెరిటరీల్లో 50. మొత్తం 847. అంటే 32 వేల మందికి ఒక ప్రజాప్రతినిధి. మన దగ్గర ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు, ఎంపీలు అందరినీ కలిపినా 452 మందే. 2011 జనాభా లెక్కల ప్రకారమే 1.87 లక్షల మందికి ఒకరు.

ఈ లెక్క చూసినవారికి రాష్ట్రాలను రద్దు చేస్తే పోదా అనిపించడం సహజం. అక్కడ ఈ వాదన పాతదే. కార్మిక నాయకుడు బాబ్ హాక్ 1979లో తన రేడియో ప్రసంగాల్లో రాష్ట్రాలు అక్కర్లేదని నేరుగా అన్నారు. 1983లో ఆయనే ప్రధాని అయ్యారు, ఎనిమిదేళ్లకు పైగా పాలించారు. రాష్ట్రాలు మాత్రం అలాగే ఉన్నాయి.

డబ్బు ఆదా అవుతుందన్నది రద్దు కోరేవారి మొదటి మాట. ఒక్కో రాష్ట్ర సభ్యుడి జీతం, సిబ్బంది, కార్యాలయం కలిపి ఏడాదికి 10 లక్షల ఆస్ట్రేలియా డాలర్లు అవుతుందని ఉదారంగానే అనుకుందాం. 571 మందికి 57.1 కోట్లు. ఒక్క న్యూ సౌత్ వేల్స్ ప్రభుత్వం ఏడాది ఖర్చే 12,000 కోట్ల డాలర్ల పైమాట. అందులో ఇది అర శాతం కూడా కాదు. మిగతాదంతా ఆస్పత్రులు, బడులు, పోలీసులు, రోడ్లు, రైళ్లు. రాష్ట్రం పేరు చెరిపేసినంత మాత్రాన నర్సు జీతం ఆగదు, ఆగకూడదు కూడా.

రాష్ట్రానికో నిబంధన ఉండటం వల్ల జరిగిన నష్టం మాత్రం నిజం. రైళ్లే సాక్ష్యం. విక్టోరియా పట్టాల వెడల్పు 1,600 మిల్లీమీటర్లు, న్యూ సౌత్ వేల్స్‌ది 1,435, క్వీన్స్‌లాండ్‌ది 1,067. మెల్‌బోర్న్ నుంచి సిడ్నీకి దారిలో బండి మారకుండా వెళ్లే వీలు 1962లో గాని రాలేదు. దాన్ని సరిచేయడానికి ఏ రాష్ట్రాన్నీ రద్దు చేయలేదు, కొత్త పట్టాలు వేశారు. 2010లో డాక్టర్లు, నర్సుల రిజిస్ట్రేషన్‌ను రాష్ట్రాలన్నీ ఒప్పుకొని దేశమంతటికీ ఒక్కటి చేశాయి. టీచర్లకు ఇంకా ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రమే. 2021 జనాభా లెక్కల్లో ఇంట్లో తెలుగు మాట్లాడతామన్నవారు అక్కడ 59 వేల మంది దాకా ఉన్నారు. వారిలో ఉద్యోగం కోసం రాష్ట్రం మారే టీచరమ్మకు ఈ తేడా వెంటనే తెలుస్తుంది.

పొరుగున న్యూజిలాండ్ రద్దు చేసి చూపించింది కదా అంటారు. నిజమే. 1876లో తొమ్మిది ప్రావిన్సులను తీసేసింది, పార్లమెంటు చేసిన మామూలు చట్టంతో. అయితే ఆ వెంటనే 63 కౌంటీలు పెట్టుకోవాల్సి వచ్చింది. పైగా న్యూజిలాండ్ విస్తీర్ణం 2.68 లక్షల చదరపు కిలోమీటర్లు, ఇంచుమించు మన రెండు రాష్ట్రాలంత. పశ్చిమ ఆస్ట్రేలియా ఒక్కటే 25 లక్షలకు పైన. అంత నేలను వేల కిలోమీటర్ల అవతల కాన్‌బెర్రాలో కూర్చుని నడపడం ఎవరికి మేలు? అక్కడివారు 1933లోనే దేశం నుంచి విడిపోతామని 66 శాతం ఓట్లతో చెప్పారు. బ్రిటిష్ పార్లమెంటు వినలేదు, అంతే.

ఇక రాజ్యాంగం. 128వ సెక్షన్ ప్రకారం సవరణకు దేశంలో మెజారిటీతో పాటు ఆరింట నాలుగు రాష్ట్రాల్లోనూ మెజారిటీ కావాలి. 1901 నుంచి 45 ప్రతిపాదనలు ఓటుకు వస్తే నెగ్గినవి 8. చివరిసారి నెగ్గింది 1977లో. పార్లమెంటులో ఒక రాష్ట్రం వాటా తగ్గించాలన్నా, దాని సరిహద్దు మార్చాలన్నా ఆ రాష్ట్ర ఓటర్లే ఒప్పుకోవాలి. 5.7 లక్షల జనాభా ఉన్న టాస్మానియాకు 12 మంది సెనేటర్లు, 85 లక్షలున్న న్యూ సౌత్ వేల్స్‌కూ 12 మందే. టాస్మానియా దాన్ని ఎందుకు వదులుకుంటుంది? మన రాజ్యాంగంలో రాష్ట్రాల విభజనకు సంబంధించిన ఆర్టికల్ 3 ఇలాంటిది కాదు. 2014లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ బిల్లును తిరస్కరించినా విభజన ఆగలేదు. ఏ రాష్ట్రానికైనా తన ఉనికిపై తన ఓటే చివరి మాట కావాలన్నది నా అభిప్రాయం. ఆ విషయంలో ఆస్ట్రేలియా పద్ధతే న్యాయం.

అసలు జబ్బు పన్నుల్లో ఉంది. 1942లో యుద్ధకాలంలో ఆదాయపు పన్ను కేంద్రం చేతికి వెళ్లింది, మళ్లీ తిరిగి రాలేదు. ఇప్పుడు దేశంలో వసూలయ్యే పన్నుల్లో సుమారు 80 శాతం కేంద్రానివి. బడి, ఆస్పత్రి బాధ్యత రాష్ట్రాలది. ఆస్పత్రిలో పడక దొరక్కపోతే రాష్ట్రం కేంద్రాన్ని చూపిస్తుంది, కేంద్రం రాష్ట్రాన్ని చూపిస్తుంది. 2000లో వచ్చిన 10 శాతం జీఎస్టీ మొత్తాన్ని రాష్ట్రాలకే ఇస్తున్నా, పంపకం దగ్గర గొడవే. గనుల ఆదాయం పెరిగిన పశ్చిమ ఆస్ట్రేలియాకు 2015-16లో తలసరి వాటాగా రావాల్సిన ప్రతి డాలరుకు 30 సెంట్లే దక్కాయి. 2018 ఒప్పందంతో 75 సెంట్లకు తగ్గకుండా హామీ వచ్చింది. దానివల్ల మిగతా రాష్ట్రాలకు పడే లోటును 2029-30 వరకు కేంద్రమే పూడుస్తుంది. ఆ తర్వాత ఎవరు భరించాలో ఇంకా తేలలేదు.