మీకు తెలుసా? గోల్ఫున చివరి మూడడుగులు

గోల్ఫు క్రీడయందు వందల గజముల దూరమునకు బంతిని ఎగురగొట్టు దెబ్బయు, గ్రీను అను నున్నని పచ్చికపై మూడడుగుల దూరమున నున్న గుంటలోనికి దానిని మెల్లగా దొర్లించు పటింగు దెబ్బయు లెక్కలో ఒక్కటే యగుటచేత, 72 దెబ్బల ప్రమాణము గల మైదానమున, గుంటకు రెండేసి చొప్పున, సరిగా సగము, అనగా 36 దెబ్బలు, పటింగునకే కేటాయింపబడియున్నవని మీకు తెలుసా?

గుంట వ్యాసము 4.25 అంగుళములు, బంతి వ్యాసము 1.68 అంగుళములకు తగ్గరాదు. చోటు విశాలముగనే తోచును గాని, వేగము హెచ్చినకొలది బంతి అంచును తాకి వెలికి జారిపోవును. నాసాలో శాస్త్రజ్ఞుడుగా పనిచేసి, పిదప ఆ యుద్యోగమును వీడి పటింగు పరిశోధనకు అంకితుడైన డేవ్ పెల్జ్, గురి తప్పిన బంతి గుంటను దాటి సుమారు 17 అంగుళముల దూరమున ఆగునట్టి వేగమే శ్రేష్ఠమని నిర్ణయించెను.

ఇక అభ్యాసమందురా, 1956 మాస్టర్స్ గోల్ఫు పోటీ విజేత జాకీ బర్క్ ఉపదేశము ననుసరించి గోల్ఫు క్రీడాకారుడు ఫిల్ మికెల్సన్, గుంట చుట్టును మూడడుగుల దూరమున బంతులను ఉంచి, వరుసగా నూరు బంతులు లోన పడువరకు, నడుమ ఒక్కటి తప్పినను మరల మొదటినుండి, సాధన చేసెడివాడు. ఇంతటి ఓర్పు నా దృష్టిలో నిజమైన తపస్సు. నూతనముగా నేర్చువారలారా, దూరపు దెబ్బలకంటె ముందు ఈ మూడడుగులను సాధింపుడు.