గీస్తే గడ్డం ఒత్తవుతుందా?

నూనూగు మీసాలు రాగానే కుర్రాళ్లకు అందే మొదటి సలహా, నాలుగుసార్లు నున్నగా గీసుకుంటే గడ్డం ఒత్తుగా వస్తుందని. ఇది నిజం కాదు. బ్లేడు కోసేది చర్మం పైనున్న జీవంలేని వెంట్రుకనే; అది పుట్టే కుదురు లోపల భద్రంగా ఉంటుంది. 1928లోనే అమెరికా శాస్త్రవేత్త మిల్డ్రెడ్ ట్రాటర్ దీన్ని పరీక్షించి, గీసుకోవడం వల్ల వెంట్రుక మందంగానీ పెరిగే వేగంగానీ మారవని తేల్చారు. మరి గీశాక చేతికి గరుకుగా తగులుతుందే అంటారా? తగులుతుంది. సన్నని కొస పోయి, మొద్దుగా తెగిన అంచు మిగులుతుంది మరి. పైగా గీసుకోవడం మొదలయ్యే వయసులోనే హార్మోన్ల ప్రభావంతో నూగు ముదురుతుంటుంది కనుక బ్లేడే పెంచిందనిపిస్తుంది.

ఆ హార్మోన్లకు కుదుళ్లు స్పందించే తీరు చాలావరకు వంశాన్ని బట్టి ఉంటుంది. అన్నీ ఒకేసారి మేల్కోవు: ముందు పైపెదవి, ఆ తర్వాతే చెంపలు, గడ్డం. 20 దాటాక కూడా ఏళ్లపాటు నిండుతూనే ఉంటుంది. 18 ఏళ్లవాడి చెంపల మీది ఖాళీలను మగతనానికి ముడిపెట్టి వెక్కిరించడం అన్యాయం.