కారు చెప్పే స్పీడు లిమిట్: ఎంతవరకు నమ్మవచ్చు?



కొత్త కారు కొనగానే చర్చి ఆవరణలోకి తెచ్చి, పాస్టరు గారిచేత ప్రార్థన చేయించుకొని, ఆ తరువాతే ఇంటికి తీసుకువెళ్ళడం మన సంఘములలో చాలామందికి అలవాటు. ఈ మధ్య అలా వచ్చే కార్లలో కొన్నింటికి ఒక కొత్త వసతి ఉంటోంది. రోడ్డు పక్కనున్న వేగపు బోర్డును కారే చదివి, స్పీడు మీటరు పక్కన "50" అనో "80" అనో చూపిస్తుంది. అంతకు మించితే హెచ్చరిస్తుంది. "సిస్టర్, ఇక మా వాడి గురించి బెంగ లేదు, స్పీడు ఎక్కువైతే కారే చెప్తుంది" అని ఒక తల్లి నాతో అన్నారు. ఆమె మాటలో సగం నిజం ఉంది. మిగిలిన సగం గురించే ఈ వ్యాసం.

ఈ పరికరం పనిచేసే విధానం కష్టమైనదేమీ కాదు. ముందు అద్దం పైభాగంలో ఒక చిన్న కెమెరా ఉంటుంది. ఎర్ర వలయం మధ్య నల్లని అంకె ఉన్న బోర్డు కనబడితే అది గుర్తుపడుతుంది. కొన్ని కార్లు దీనికి తోడు మ్యాపులో ఆ రోడ్డుకు రాసిపెట్టిన వేగాన్ని కూడా సరిచూసుకుంటాయి. మన దేశంలో 2021లో వచ్చిన మహీంద్రా ఎక్స్‌యూవీ 700లో ఈ వసతి పెట్టారు. ఐరోపా దేశాలలో 2024 జూలై నుండి అమ్మే కొత్త కార్లన్నింటిలో ఇలాంటిది ఉండి తీరాలని చట్టం. అక్కడ కూడా డ్రైవరు దానిని ఆపుకోవచ్చు. అయితే బండి మళ్ళీ స్టార్టు చేయగానే అది తిరిగి మొదలవుతుంది.

దీనిని మన కార్లలో మోగే మామూలు బీప్ శబ్దంతో కలిపి పొరబడకండి. 2019 జూలై 1 నుండి మన దేశంలో తయారయ్యే కార్లలో, వేగం 80 కిలోమీటర్లు దాటితే ఆగి ఆగి, 120 దాటితే ఆపకుండా మోగే ఏర్పాటు తప్పనిసరి చేశారు. అది ఏ బోర్డునూ చదవదు. నేరేడ్‌మెట్ క్రాస్ రోడ్డు దగ్గరైనా, జాతీయ రహదారి మీదైనా దానికి ఒకటే లెక్క. 2022లో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం హైదరాబాద్ నగర పరిధిలో కార్లకు డివైడరు ఉన్న రోడ్డుపై 60, డివైడరు లేని రోడ్డుపై 50, కాలనీ రోడ్లలో 30 కిలోమీటర్లు పరిమితి. అంటే సఫిల్‌గూడలోనో, ఆర్.కె.పురంలోనో స్కూలు ముందు 75లో వెళ్ళినా ఆ బీప్ మోగదు. మోగలేదు కాబట్టి తప్పు చేయలేదనుకునే పిల్లలు మన ఇళ్ళలో ఉన్నారు.

సరే, బోర్డు చదివే కారు ఇంతకంటే మేలే కదా అంటే, మేలే. కాని అది బోర్డు ఉంటేనే చదువుతుంది. మన కాలనీ సందుల్లో ఎన్నింటికి 30 అని రాసిన బోర్డు ఉంది? ఉన్నచోట కూడా వేపకొమ్మ అడ్డం వస్తుంది, లేదా పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టేస్తారు. గోడ మీద పెయింటుతో "నెమ్మదిగా వెళ్ళండి" అని రాస్తే మనకు అర్థమవుతుంది, కెమెరాకు కాదు. జోరువానలోను, ఎదుటి బండి లైటు కళ్ళలో కొట్టినప్పుడు మనం ఎలా తడబడతామో కెమెరా కూడా అలాగే తడబడుతుంది. లారీ వెనుక అంటించిన గుండ్రని అంకెను రోడ్డు బోర్డనుకోవడం, పక్కనున్న సర్వీసు రోడ్డు బోర్డును చదివి మెయిన్ రోడ్డు మీద చూపించడం కూడా దీనికున్న లోపాలే. 2020లో అమెరికాలో మెకాఫీ సంస్థ పరిశోధకులు 35 అని రాసిన బోర్డుపై 3 అంకె మధ్య గీతను చిన్న నల్ల టేపు ముక్కతో పొడిగించారు. పాత మోడలు టెస్లా కారు దానిని 85 అని చదివింది! మ్యాపు మీద ఆధారపడినా చిక్కే. మన ఔటర్ రింగ్ రోడ్డు మీద పరిమితిని 2023లో 100 నుండి 120కి పెంచారు. మ్యాపును కొత్తది చేయించకపోతే కారు పాత అంకెనే చూపుతుంది.

మరి ఉపయోగం ఎక్కడ? పెద్ద రోడ్ల మీద. కీసర దగ్గర ఔటర్ ఎక్కి గంటసేపు 100లో వెళ్ళి దిగినవారికి 70 కూడా నత్తనడకలా తోస్తుంది. కన్ను వేగానికి అలవాటుపడిపోతుంది. సరిగ్గా ఆ సమయంలో మీటరు పక్కన ఒక అంకె వెలిగి గుర్తుచేస్తే ఎంతో మంచిది. రాత్రి ప్రయాణంలో, తెలియని ఊళ్ళలో కూడా అంతే. ఈ వసతి ఉన్న కారు కొనగలిగినవారు దానిని ఆపివేయవద్దని నేను గట్టిగా చెప్తాను.

మా వార్డులలో వేలికి తగిలించి ఆక్సిజన్ చూసే పరికరం ఉంటుంది. గోళ్ళరంగు ఉన్నా, వేళ్ళు చల్లబడినా అది తప్పు చూపవచ్చు. అందుకే నర్సింగ్ విద్యార్థినులకు మొదటి వారంలోనే చెప్తాము: అంకె చూడండి, వెంటనే రోగి ముఖం చూడండి, పెదవులు చూడండి, ఊపిరి చూడండి. ఇంకొక సంగతి కూడా ఉంది. అలారం మాటిమాటికీ ఊరికే మోగుతుంటే మనిషి చెయ్యి తనంతట తానే వెళ్ళి దానిని నొక్కేస్తుంది. కారులోనూ జరిగేది ఇదే. నాలుగుసార్లు తప్పుగా మోగిన హెచ్చరికను ఐదవసారి నిజమైనప్పుడు ఎవరూ వినరు.

ఈ అంకెల గోల నర్సులకెందుకని అడగవచ్చు. 60లో వెళ్ళే కారు, డ్రైవరు చూసి బ్రేకు మీద కాలు వేసే ఒక్క సెకనులోనే దాదాపు 17 మీటర్లు ముందుకు వెళ్తుంది. 30లో అయితే 8 మీటర్లు. మనిషిని గుద్దే వేగం గంటకు 50 నుండి 65కు పెరిగితే నడిచేవారు చనిపోయే ప్రమాదం నాలుగున్నర రెట్లు అవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తోంది. పదిహేను కిలోమీటర్ల తేడా డ్రైవరు సీటులో తెలియను కూడా తెలియదు. స్ట్రెచరు మీద తెలుస్తుంది. ఒకరికి కాలు విరుగుతుంది, ఇంకొకరికి తలలో రక్తస్రావం అవుతుంది. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారు. నూటికి 71 మరణాలకు అతివేగమే కారణమని కేంద్ర రవాణా శాఖ నివేదిక. చనిపోయినవారిలో సుమారు 44 శాతం ద్విచక్ర వాహనాలవారు, 19 శాతం పైగా నడిచి వెళ్ళేవారు. వారిని కాపాడే కెమెరా వారి దగ్గర లేదు, ఎదురుగా వచ్చే కారులో ఉంటే ఉండాలి.

మీ కారులో ఈ వసతి ఉంటే ఒక పని చేయండి. ఆదివారం ఆరాధన తరువాత ఇంటికి వెళ్తూ, డ్రైవరు కాక పక్కన కూర్చున్నవారు ఒక కాగితం పట్టుకొని, దారిలో కనబడ్డ వేగపు బోర్డులెన్ని, కారు చూపినవెన్ని, తప్పు చూపినవెన్ని రాయండి. ఒక్క ప్రయాణంలోనే మీ కారు చూపు ఎంతో తెలిసిపోతుంది. ఆ కాగితం మీ అబ్బాయికి, డ్రైవరుకు చూపించండి. ముందు అద్దంపై కెమెరా ఉన్నచోట స్టిక్కర్లు అంటించవద్దు, వేలాడే బొమ్మలు, సిలువలు కూడా దానికి అడ్డం రాకుండా చూసుకోండి. కొమ్మలు కప్పిన బోర్డు కనబడితే ట్రాఫిక్ పోలీసు స్టేషనులోనో, మునిసిపల్ ఆఫీసులోనో రాసి ఇవ్వండి. దగ్గరలోని కరెంటు స్తంభం నంబరు కూడా వేస్తే వారికి వెతకడం తేలిక.